చెప్పకుండా ఊరు దాటకండి

ప్రశ్న: మాది హన్మకొండ. మావారితో విడిపోయి రెండేళ్లయింది, విడాకుల కేసు నడుస్తోంది. ఎనిమిదేళ్ల పాప నా దగ్గరే ఉంటోంది. మధ్యంతర ఆర్డరు ప్రకారం రెండో, నాలుగో ఆదివారాలు కాజీపేటలో వాళ్ల బాపు దగ్గరికి వెళ్తుంది. ఇప్పుడు నాకు బెంగళూరులో మంచి ఉద్యోగం వచ్చింది. చెబితే ఆయన అడ్డుపడతారు. ముందు వెళ్లిపోయి, తర్వాత చెబుదామనుకుంటున్నాను. పాపకు కూడా బాపుతో అనొద్దని చెప్పాను. తప్పా?

జవాబు: ఉద్యోగానికి వెళ్లాలనుకోవడం తప్పు కాదమ్మా. రెండేళ్లుగా ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొస్తున్నారు, ఈ అవకాశం మీకెంత అవసరమో తెలుస్తూనే ఉంది. కానీ చెప్పకుండా మాత్రం వెళ్లకండి.

ఆ ఆదివారాలు కోర్టు ఇచ్చినవి. పాప బెంగళూరులో ఉంటే ఆ ఆర్డరు అమలు కాదు. ఆయన కోర్టుకెక్కితే ఇన్నాళ్లూ మీరు పాపను పెంచిన తీరు పక్కకు పోయి, ఈ ఒక్క పనే ముందుకొస్తుంది. కస్టడీయే మారే ప్రమాదం ఉంది. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అంటుంది. మీ పాప ఆ వయసు దాటింది కాబట్టి ఇక కోర్టు ప్రధానంగా చూసేది తన క్షేమమే. తల్లికి నిలకడైన సంపాదన ఉండడం కూడా ఆ క్షేమంలో భాగమేనని మీ లాయర్ గట్టిగా చెప్పగలరు.

కస్టడీ ఆర్డర్లు శాశ్వతం కావు. పరిస్థితి మారింది, ఆర్డరు మార్చండని అదే కోర్టులో అడగవచ్చు. ఆఫర్ లెటర్, చేర్చబోయే బడి వివరాలు, మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా పాపను ఎవరు చూసుకుంటారో, అన్నీ పెట్టండి. చాలామంది తల్లులు ఇక్కడితో ఆగిపోతారు. తండ్రికి ఏం మిగులుతుందో కూడా మీరే రాసివ్వండి. దసరా సెలవులు, వేసవిలో కొన్ని వారాలు, వారంలో ఇన్నిసార్లు వీడియో కాల్, ప్రయాణ ఖర్చు ఎవరిది, రైల్లో ఎవరు తీసుకొస్తారు. దూరంగా ఉన్న తల్లి లేదా తండ్రితో బిడ్డ వీడియో కాల్‌లో మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో చెప్పింది. సద్దుల బతుకమ్మకు పాప నాయనమ్మ దగ్గర ఉంటుందని మీ అంతట మీరే రాస్తే, అటువైపు కోపం కూడా కొంత చల్లబడవచ్చు.

పెద్దమనుషుల్లో కూర్చుని రాసుకున్న కాగితం సరిపోదు, అది కోర్టు ఆర్డరును మార్చదు. ఒప్పందం కుదిరితే దాన్ని కోర్టులోనే నమోదు చేయించండి. లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ చివరి మాట. ఎనిమిదేళ్ల పిల్ల ఆదివారమంతా బాపు పక్కన కూర్చుని, నోరు జారుతుందేమోనని టెన్షన్ పడుతూ అన్నం తింటుంది. ఆ బరువు తనది కాదు. "బాపుతో నేనే మాట్లాడతాను, నువ్వేమీ దాచక్కర్లేదు" అని ఈ రోజే చెప్పండి. జడ్జిగారు రేపు పాపను పిలిచి అడగవచ్చు కూడా. ఏం చెప్పాలో నేర్పకండి.

చేరే తేదీ కొంచెం వెనక్కి జరపమని కంపెనీని అడగండి. పాపను మీ అమ్మగారి దగ్గర ఉంచి మీరు ముందు వెళ్లాలనుకుంటే, అది కూడా లాయర్‌ను అడిగాకే చేయండి. పాప ఇప్పుడు తల్లి దగ్గర లేదన్న వాదన అటునుంచి రావచ్చు.