పేరు మార్చితే సరిపోతుందా?

ప్రశ్న: నా నవలలో ముఖ్యపాత్రకు మూలం దివంగతులైన ఒక ముఖ్యమంత్రి. పేరు, ఊరు మార్చాను గానీ చదివినవారు ఇట్టే గుర్తుపడతారు. ఆయన రాజకీయ నిర్ణయాలతో పాటు, ఆయన దాంపత్యం గురించి జనం చెప్పుకునే మాటలను పట్టుకుని కొన్ని సన్నివేశాలు కూడా రాశాను. ‘ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు’ అని మొదటి పేజీలో వేస్తే చిక్కులు తప్పుతాయా? కుటుంబ సభ్యుల అనుమతి తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని కాపాడదు. రష్యా రాజకుటుంబంపై పలుకుబడి సాధించిన సాధువు రాస్పుటిన్ మీద 1932లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలో, ఒక రాకుమారిని అతడు చెరచినట్లు సూచించారు. పాత్రకు వేరే పేరు పెట్టినా, జనం ఆ పాత్రలో తననే చూస్తారని ప్రవాసంలో ఉన్న రష్యన్ రాకుమారి ఇరీనా యూసుపోవా లండన్‌లో దావా వేసి, 1934లో 25,000 పౌండ్ల నష్టపరిహారం గెలుచుకున్నారు. పాత్రలు కల్పితాలన్న ప్రకటన సినిమాల్లో స్థిరపడింది ఆ కేసు తరువాతే. పాత్రకు ఏ పేరు పెట్టారన్నది కాక, ఎరిగినవారు ఆ పాత్రను ఫలానా వ్యక్తిగా పోల్చుకోగలరా అన్నదే అసలు ప్రశ్న. మన దేశంలోనూ పరువునష్టం కేసుల్లో ఇదే చూస్తారు.

మీ కథానాయకుడు జీవించి లేరు కనుక చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. జయలలిత జీవితం ఆధారంగా తీసిన చిత్రంపై ఆమె మేనకోడలు వేసిన కేసులో, ఒక వ్యక్తి గోప్యతాహక్కు ఆ వ్యక్తితోనే ముగుస్తుందని, వారసులకు ఆస్తిలా సంక్రమించదని మద్రాసు హైకోర్టు 2021లో తేల్చింది. అయితే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, పరువునష్టం గురించిన 356వ సెక్షన్‌లోని మొదటి వివరణ ప్రకారం, బతికి ఉంటే పరువు పోయేలాంటి ఆరోపణను, కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో మరణించిన వ్యక్తి మీద చేసినా నేరమే కావచ్చు.

మీ నవలకు అసలు ప్రమాదం దాంపత్య సన్నివేశాల్లో ఉంది. ఆయన భార్య జీవించి ఉంటే ఆ సన్నివేశాలు ఆమె జీవితానికి కూడా చెందుతాయి. ఆమె గోప్యతాహక్కు భర్తతో పాటు పోలేదు. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ గీతను స్పష్టంగా గీసింది. కోర్టు కాగితాలతో సహా పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాలను రాయడానికి సాధారణంగా ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ పెళ్ళి, కుటుంబం, సంతానం వంటి విషయాలను సంబంధించినవారి సమ్మతి లేకుండా ప్రచురిస్తే, అది నిజమైనా సరే, గోప్యతను భంగపరచినట్లే. ఎన్నికల్లో నిలబడింది ఆయన, ఆమె కాదు.

చట్టం సంగతి అలా ఉంచితే, కల్పన చేయడం తప్పని నేను అనను. 1924లో మరణించిన అల్లూరి సీతారామరాజుకు, 1940లో జోడేఘాట్ పోరులో నేలకొరిగిన కొమరం భీముకు మధ్య స్నేహాన్ని ఊహించిన తెలుగు చిత్రం 2022లో విడుదలైంది. అది పూర్తిగా కల్పన అని దర్శకుడు చాలా ముందే బహిరంగంగా చెప్పారు కనుక, దాన్ని చరిత్రగా నమ్మాలని ఎవరినీ అడగలేదు. మీ సన్నివేశాల తీరు వేరు. జనంలో ముందే ఉన్న పుకారుకు నవల సాక్ష్యంలా నిలుస్తుంది, చనిపోయిన మనిషి వచ్చి కాదనలేడు. కాబట్టి ఆ సన్నివేశాలను తీసేయమనే నా సలహా. రాజకీయ నిర్ణయాల గురించి మాత్రం శాసనసభ చర్చలు, పత్రికల ఆధారంతో నిర్భయంగా రాయండి. ఏది ఊహించారో ముందుమాటలో చెప్పండి. కుటుంబం అనుమతి చట్టరీత్యా తప్పనిసరి కాదు. అడిగి పుచ్చుకుంటే, వారికి నచ్చని నిజాలు రాయడానికి తరువాత మీకే చెయ్యి ఆడకపోవచ్చు. అచ్చుకు ముందు రాతప్రతిని ఒక న్యాయవాదికి చూపించడం మంచిది.

ప్రశ్న: పదవిలో ఉన్న మంత్రి మీద వ్యంగ్య కథ రాయవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిరభ్యంతరంగా రాయవచ్చు. ప్రజాసేవకుల అధికారిక ప్రవర్తనపై సద్భావంతో వెలిబుచ్చే అభిప్రాయం పరువునష్టం కిందకు రాదని అదే 356వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. అయితే జరగని లంచాన్ని జరిగినట్లు నమ్మించేలా రాస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఆయన ప్రకటనలు, జీవోలు, సభలో మాటలే మీ వ్యంగ్యానికి ముడిసరుకు కావాలి. ఇంట్లోవారి జోలికి పోవద్దు.