అండమాన్‌లో గది కన్నా ముందు పోటు, పాటు చూసుకోండి

వైజాగ్ నుంచి డిసెంబర్‌లో పిల్లలతో అండమాన్ వెళ్తున్నామని, హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) బీచ్ ఒడ్డునే రిసార్ట్ తీసుకుంటే సరిపోతుందా, నడవడానికి ఏమైనా ఉందా అని అడిగారు.

హేవ్‌లాక్‌లో రిసార్ట్‌లు ఎక్కువగా తూర్పు ఒడ్డున, మూడు, ఐదు నంబర్ల బీచ్‌ల వైపు ఉంటాయి. గుమ్మం దాకా నీలం నీళ్లున్న ఫోటో చూపిస్తారు. అది పోటు మీద, అంటే నీళ్లు ఒడ్డుకి ఎక్కినప్పుడు తీసిన ఫోటో. పాటు వేళ నీళ్లు బాగా వెనక్కిపోయి రాళ్లూ చచ్చిన పగడాలూ తేలతాయి, పిల్లలు ఈదలేరు. ఈతకి పడమటనున్న రాధానగర్‌కే వెళ్లాలి, అక్కడ అడుగంతా ఇసుకే. జెట్టీ నుంచి సుమారు 12 కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి. మన గడియారం లెక్క కాకినాడ దగ్గర్నుంచి పోయే రేఖాంశానిది, అండమాన్ దానికి బాగా తూర్పున ఉంది. అందుకే డిసెంబర్‌లో అక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది.

నడక మాటకొస్తే నా ఓటు నీల్ దీవిలో (ఇప్పటి పేరు షహీద్ ద్వీప్) సహజంగా ఏర్పడ్డ రాతి వంతెనకే. పాటు వేళ తప్ప అక్కడికి దారి ఉండదు. టూర్ వాళ్లు పడవ దిగిన టైముని బట్టి తీసుకెళ్తారు కానీ పాటు చూడరు. అప్పుడు పోటు మీదుంటే మెట్ల దగ్గర్నుంచే వెనక్కి రావాలి, డబ్బులు మాత్రం ఇవ్వాలి. ఇది చాలా అన్యాయం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) టైడ్ టేబుల్, అంటే పోటు, పాటు వేళల పట్టిక నెట్‌లో దొరుకుతుంది, మీరే చూసుకోండి. పాటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పున్నమి దగ్గర నీళ్లు బాగా తీస్తాయి. పాటుకి గంట ముందు దిగి, నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలవ్వగానే తిరిగి రండి.

పచ్చగా నిగనిగలాడే రాయి మీద కాలు వేయొద్దు, అది నాచు. బూడిద రంగులో గరుగ్గా ఉన్న రాయి పట్టునిస్తుంది. హవాయి చెప్పులు గుంటల్లో ఊడిపోతాయి, మడమకి పట్టీ ఉన్నవే వేయండి. పగడం గీసుకుంటే చిన్న గాయమే కదా అనుకోవద్దు, సన్నని ముక్కలు లోపలుండి చీము పడుతుంది. వెంటనే మంచినీళ్లతో రుద్ది కడిగి మందు రాయండి. గుంటల్లో నల్ల వంకాయల్లా పడుండేవి సముద్ర దోసకాయలు, పిల్లల్ని చూడనివ్వండి, పట్టుకోనివ్వొద్దు.

పగడం ముక్క ఒక్కటైనా సంచిలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో బయటపడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు షోకేసు కోసం తెస్తూనే ఉన్నారు, బాధేస్తుంది.

ఓడ మాటైతే, వైజాగ్ నుంచి రెండు రోజుల పైనే పడుతుంది, చిన్న సెలవుకి కుదరదు. గాలి పెరిగితే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. అందుకని తిరుగు విమానానికి ముందు రోజు రాత్రికే పోర్ట్ బ్లెయిర్ చేరుకోండి.