గ్రీకు అక్షరం కూడా రాకుండా విశ్వవిద్యాలయంలో గ్రీకు సాహిత్యం చదవగలమా? అనువాదాలు చాలవా?

మీరు అడిగినవి రెండు. డిగ్రీ దాకా గ్రీకు లిపి చూడనివాళ్ళు ప్రాచీన గ్రీకు కవులైన హోమర్‌నీ సోఫోక్లీస్‌నీ మూలంలో చదవగలరా అన్నది ఒకటి. ఇంగ్లీషులో ఇన్ని మంచి అనువాదాలు ఉండగా అంత కష్టం దేనికి అన్నది రెండోది.

చదవగలరు. నేను చదివాను. తెనాలిలో ఇంటర్, హైదరాబాదులో సంస్కృతం ఒక సబ్జెక్టుగా బి.ఏ. చేశాను. తర్వాత ఇంగ్లండులో ఒక ఏడాది పూర్తిగా భాషకే పెట్టి, మరుసటి ఏడాది ఎమ్.ఏ. చేశాను. విమానం ఎక్కేనాటికి నాకు తెలిసిన గ్రీకు లెక్కల పుస్తకంలోని ఆల్ఫా, బీటా, థీటాలే. అక్కడ కూడా బడిలో గ్రీకు చదువుకుని వచ్చే పిల్లలు బాగా తక్కువ. అందుకే చాలా విశ్వవిద్యాలయాల్లో అక్షరాల దగ్గర్నుంచి నేర్పే తరగతులు ఉంటాయి. నా తరగతిలో అందరం కొత్తవాళ్ళమే.

కాలం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. వారానికి 4 రోజులు క్లాసు, రోజూ గదిలో 2 గంటల చదువు. మొదటి ఏడాదంతా వ్యాకరణమే, మధ్యమధ్య తేలికపాటి వచనం. మొదటిసారి ప్లేటో పుట తెరిచినప్పుడు 10 పంక్తులకు సాయంత్రమంతా పట్టింది. రెండో ఏడాది చివరికి గంటన్నరలో 50, 60 పంక్తుల హోమర్ చదవగలిగేదాన్ని. విషాద నాటకాల్లోని బృందగీతాలు మాత్రం ఇప్పటికీ నిదానంగానే సాగుతాయి.

బరువంతా క్రియల దగ్గరే ఉంటుంది. ‘మోయు’ అనే క్రియకి వర్తమానం ఫెరో, భవిష్యత్తు ఒయ్‌సో, భూతకాలం ఏనెంక. మూడూ ఒకదానికొకటి పోలిక లేని రూపాలు. మనం ‘వచ్చాను’ అంటాం, ‘రాను’ అంటాం, రెండూ ఒకే క్రియ. తెలుగు నేర్చుకునే పరాయివాళ్ళు దాన్ని ఎలా బట్టీ పడతారో ఇవీ అలా పట్టాల్సిందే. సంస్కృతం కొంచెం వచ్చి ఉంటే సగం భారం తగ్గుతుంది. ఫెరో పక్కన ‘భరామి’ పెట్టి చూడండి. ఆత్మనేపదం, ఇద్దరి గురించి చెప్పేటప్పుడు వాడే ద్వివచనం, భూతకాలానికి ముందు చేరే అకారం లాంటి ఎకారం, అన్నీ తెలిసిన ముఖాలే.

సంస్కృతం రాకపోయినా దిగులొద్దు, తెలుగు చెవి చాలా పని చేస్తుంది. గ్రీకులో ఎ, ఏ వేరు అక్షరాలు. ఒ, ఓ కూడా వేరు. హ్రస్వమా దీర్ఘమా అన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది. నాతో చదివినవాళ్ళు ఈ తేడా వినడానికే వారాల తరబడి తంటాలు పడ్డారు. ప్రాచీన ఏథెన్సులో ఫై, థీటా, ఖై అనే అక్షరాలను మన ఒత్తక్షరాల్లాగే, గాలి వదిలి పలికేవారు. నేను మొదటి నెలలో నోటుపుస్తకం అంచుల్లో ఉచ్చారణంతా తెలుగు లిపిలోనే రాసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలకంటే అది ఎంతో సూటిగా కుదిరింది.

ఇంకా గొప్ప ఆనందం ఛందస్సు దగ్గర కలిగింది. ఒకరోజు మా మేడమ్ హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి పంక్తి బోర్డు మీద రాశారు: మేనిన్ అఎయ్‌దె థెఆ పేలేఇఅదెఓ అఖిలేఒస్. దేవీ, పేలేయుస్ కొడుకు అఖిలీస్ ఆగ్రహాన్ని పాడు అని దాని అర్థం. పాదానికి 6 గణాలు. గణం గురువు, రెండు లఘువులు కావచ్చు, లేదా రెండు గురువులు కావచ్చు. చివరి గణానికి మాత్రం ఎప్పుడూ రెండే అక్షరాలు. దీర్ఘం గురువు, జంట హల్లుల ముందున్నది గురువు. పదో తరగతిలో ఉత్పలమాలకి గణవిభజన చేసినవాళ్ళకి ఇందులో కొత్తేముంది! ‘మేనిన’ భగణం. ‘ఎయ్‌దెథె’ మళ్ళీ భగణం. ‘ఆపే’ రెండు గురువులు. గంట కొట్టేలోపు ఆ పేజీలో ఉన్న 7 పంక్తులూ విడగొట్టి చూపించాను. గురువు, రెండు లఘువుల ఆ గణాన్ని గ్రీకులు డక్టులొస్ అన్నారు, అంటే వేలు. వేలికి ఒక పొడుగు కణుపు, రెండు పొట్టి కణుపులు ఉన్నట్టన్నమాట. అది విన్నాక నా చూపుడువేలి వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక అనువాదాలు చాలవా అన్న ప్రశ్న. కథ కావాలంటే చాలు. ప్లేటో ఏమంటున్నాడో స్థూలంగా తెలియాలన్నా చాలు, అందులో తప్పేమీ లేదు. కానీ సోఫోక్లీస్ నాటకంలో ఈడిపస్ రాజు గుడ్డి ప్రవక్త తెయ్‌రెసియాస్‌తో గొడవపడే చోటు చూడండి. స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ వేసి ఊరిని పీడిస్తుంటే నీ జోస్యం ఏమైందని నిలదీసి, ఇలా అంటాడు: ఎగో మొలోన్, హొ మేదెన్ ఎయ్‌దోస్ ఒయ్‌దిపూస్, ఎపౌస నిన్. మాటకు మాట పెడితే: నేను వచ్చి, ఏమీ తెలియని ఈడిపస్‌ని, ఆపాను దాన్ని.

‘మొలోన్’ అంటే ‘వచ్చి’. ఇంగ్లీషు అనువాదంలో తరచు దాన్ని విడిగా ఇంకో వాక్యం చేయాల్సి వస్తుంది. మన భాషలో చేసి, చూసి, వచ్చి అని ఎన్ని పనులైనా ఒక్క వాక్యంలో గుచ్చుకుంటూ పోతాం. గ్రీకు కూడా అలాగే పోతుంది. ఇక ‘ఎయ్‌దోస్’ అంటే తెలిసినవాడు, ‘ఒయ్‌ద’ అంటే నాకు తెలుసు. వెంటనే పక్కన ‘ఒయ్‌దిపూస్’ అన్న పేరు. ఆ పేరుకి వాచిన పాదాలవాడని అర్థం చెబుతారు గానీ, ఇక్కడ చెవికి తగిలేది ‘తెలుసు’ అన్న మాటే. ఏమీ తెలియనివాణ్ణని ప్రవక్తను ఎద్దేవా చేయడానికి అంటున్నాడు. నిజంగానే తన తల్లిదండ్రులెవరో అతనికి తెలియదు. ఆ శ్లేష అంతా ఆ రెండు మాటల మోతలోనే ఉంది. పైగా ఆ ‘ఒయ్‌ద’, సంస్కృతంలో ‘తెలుసు’ అనే అర్థమున్న ‘వేద’, ఒకే మూలం నుంచి వచ్చాయి. మొదట్లో ఉన్న వకారం గ్రీకులో జారిపోయింది. ఆ రోజు పుస్తకం మూసి ఆ పంక్తిని పైకి ఎన్నిసార్లు చదువుకున్నానో!

ఇంకొకటి. ఇలియడ్ 9వ సర్గలో అలిగి కూర్చున్న అఖిలీస్‌ని బతిమాలడానికి గ్రీకు పక్షం నుంచి ముగ్గురు, ఫొయినిక్స్, అయాస్, ఒడిస్సియస్ బయలుదేరతారు. వెంట ఇద్దరు వార్తాహరులు. మూలంలో మాత్రం ‘తో దె బతేన్’ అని ఉంటుంది, వాళ్ళిద్దరూ వెళ్ళారు అని. ద్వివచనం! వెళ్ళింది ముగ్గురా, ఇద్దరా, అయిదుగురా? ఫొయినిక్స్‌ని తర్వాతి గాయకులు చేర్చారా? ఆ ఇద్దరూ వార్తాహరులేనా? పండితులు దీని మీద ఎంతో వాదించుకున్నారు. ‘వాళ్ళు వెళ్ళారు’ అని అనువదిస్తే ప్రశ్నే మాయమైపోతుంది. మా తరగతిలో ఆ ఒక్క మాట మీద గంటసేపు మాట్లాడుకున్నాం. నా మటుకు ఫొయినిక్స్ లేని పాత కథ ఒకటి ఉండేదన్న వాదమే నమ్మదగినదిగా అనిపిస్తుంది.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి ఏడాది ప్రతి గ్రీకు మాట మీదా పెన్సిలుతో ఇంగ్లీషు అర్థం రాసుకునేదాన్ని. క్లాసులో గడగడా చెప్పేదాన్ని. ఒకరోజు మేడమ్ నా పుస్తకం చూసి, ఏమీ అనకుండా, అదే పేజీ ఏ రాతా లేనిది నా ముందు పెట్టారు. ముందురోజు రాత్రి 3 గంటలు కూర్చుని సిద్ధం చేసుకున్న పంక్తులు, ఒక్కటీ చదవలేకపోయాను. ఇన్నాళ్ళూ నా కళ్ళు గ్రీకు మీద కాదు, పెన్సిలు రాత మీద నడిచాయి. ఆ సాయంత్రం పుస్తకమంతా రబ్బరుతో చెరిపేశాను. అప్పటినుంచి అర్థాలు వేరే నోటుపుస్తకంలో రాసుకోవడం, పొద్దున్నే లేచి రాత లేని పేజీలో అవే పంక్తులు పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. పెర్సియస్ లాంటి వెబ్‌సైట్లలో మాట మీద నొక్కితే విభక్తి, కాలం, అర్థం అన్నీ వచ్చేస్తాయి. అది చాలా మంచి సాధనం. అయితే ముందు మీరే ఊహించి, కాగితం మీద పెట్టి, ఆ తర్వాత నొక్కండి.

దరఖాస్తు పెట్టేముందు ఆ కోర్సు కొత్తవాళ్ళకి భాష నేర్పుతుందా, లేక వచ్చి ఉండాలంటుందా అన్నది విభాగానికి ఈమెయిలు రాసి కనుక్కోండి. కొన్ని ఎమ్.ఏ.లలో అంతా అనువాదాల్లోనే చదివించి పంపేస్తారు. మన దగ్గర క్రైస్తవ వేదాంత కళాశాలల్లో కొత్త నిబంధన గ్రీకు చెప్తారు. అది హోమర్‌కి చాలా శతాబ్దాల తర్వాతి భాష, ద్వివచనం పోయింది, వ్యాకరణం సులువు. అయినా పునాదికి బాగా పనికొస్తుంది.

ఈ వారం 24 అక్షరాలూ నేర్చుకుని యోహాను సువార్త మొదటి వాక్యంతో మొదలుపెట్టండి. ‘ఆదియందు వాక్యముండెను’ అని మన తెలుగు బైబిల్లో ఉన్నదే: ఎన్ అర్ఖే ఏన్ హొ లొగొస్. మొదటి ‘ఎన్’ హ్రస్వం, దానికి ‘లో’ అని అర్థం. రెండో ‘ఏన్’ దీర్ఘం, అది ‘ఉండెను’.