లేని బాకీ క్రెడిట్ రిపోర్టుకెక్కితే

ప్రశ్న: అమెరికాలో మేము మూడేళ్ల క్రితం ఒక అపార్ట్‌మెంటు ఖాళీ చేసి వేరే రాష్ట్రానికి మారాము. అప్పటికి అద్దె బాకీ ఏమీ లేదు. తాళాలు అప్పగించే ముందు ప్రతి గదికీ ఫొటోలు తీసుకున్నాము. ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టాలని ఈమధ్య నా క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటే, ఆ అపార్ట్‌మెంటుకు 1,140 డాలర్లు రావాలంటూ బాకీలు వసూలు చేసే ఒక కలెక్షన్ ఏజెన్సీ పేరు కనిపించింది. వారి నుంచి మాకు ఏ ఉత్తరమూ రాలేదు. ఎంతో కొంత కట్టి వదిలించుకోమని తెలిసినవారు అంటున్నారు. ఏమి చేయమంటారు?

జవాబు: దయచేసి ఇప్పుడే ఏమీ కట్టకండి. డబ్బు కట్టినంత మాత్రాన ఆ నమోదు తొలగిపోదు. చెల్లించినట్లు ఒక మాట చేరుతుందే తప్ప సాధారణంగా అక్కడే ఉంటుంది. క్రెడిట్ స్కోరు లెక్కించే కొత్త విధానాలు చెల్లించిన కలెక్షన్లను పట్టించుకోవు గానీ, ఇంటి రుణాలకు చాలాకాలంగా వాడుతూ వచ్చిన పాత విధానాలు పట్టించుకుంటాయి. పైగా కొంచెం కట్టినా, చాలా రాష్ట్రాలలో ఆ బాకీపై దావా వేయడానికి ఉన్న గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది.

ముందుగా క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు బ్యూరోలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి రిపోర్టులనూ యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్ ద్వారా తెప్పించుకోండి; వారానికొకసారి ఉచితంగా ఇస్తారు. వాటిలో బాకీ మొత్తం కన్నా జాగ్రత్తగా చూడవలసినది మొదటిసారి బాకీ పడినట్లు చూపిన తేదీ. ఆ తేదీ నుంచి సుమారు ఏడేళ్ల ఆరు నెలలు దాటాక కలెక్షన్ నమోదు రిపోర్టులో ఉండరాదు. బాకీని ఒక ఏజెన్సీ మరొక ఏజెన్సీకి అమ్మినా ఆ గడువు పెరగదు. మీరు ఇల్లు ఖాళీ చేసిన నెలకూ ఆ తేదీకీ పొంతన లేకపోతే అదే ఒక బలమైన అభ్యంతరం.

ఆ తరువాత, తప్పు కనిపించిన ప్రతి బ్యూరోకూ విడిగా డిస్ప్యూట్, అంటే ఆ నమోదు తప్పని అభ్యంతరం, పంపాలి. ఆన్‌లైన్‌లోనూ పంపవచ్చు గానీ, ఇలాంటి వ్యవహారంలో ఉత్తరమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సర్టిఫైడ్ మెయిల్‌లో (రిజిస్టర్డ్ పోస్టు వంటిది) పంపి, అందినట్లు రిటర్న్ రిసీట్ తీసుకుంటే వారికి ఏ రోజున ఏమి అందిందో మీ చేతిలో రుజువు ఉంటుంది. "ఇది నాది కాదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. రిపోర్టు కాపీలో ఆ నమోదు చుట్టూ గీత గీసి, లీజు ఏ తేదీన ముగిసిందో, తాళాలు ఎప్పుడు అప్పగించారో, చివరి అద్దె ఎలా కట్టారో రాసి, బ్యాంకు స్టేట్‌మెంటునూ తేదీలు కనిపించే ఫొటోలనూ జతచేయండి. అన్నీ కాపీలే పంపండి. సెక్యూరిటీ డిపాజిట్ నుంచి ఏమైనా కోస్తే ఆ ఖర్చులను వివరించే పట్టీని యజమాని మీకు నిర్ణీత గడువులో పంపాలి. ఆ గడువు కాలిఫోర్నియాలో 21 రోజులు, టెక్సాస్‌లో 30 రోజులు. అలాంటి పట్టీ ఏదీ మీకు అందకపోతే ఆ సంగతి కూడా తప్పక రాయండి.

బ్యూరో సాధారణంగా 30 రోజులలో విచారణ ముగించి ఫలితాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏజెన్సీ ఆ వివరాన్ని నిర్ధారించలేకపోతే దానిని తొలగించడమో సరిదిద్దడమో చేయవలసిందే. చాలామంది ఏజెన్సీకి ఒక్కదానికే రాసి బ్యూరోను వదిలేస్తారు. అది పెద్ద నష్టం. ఏజెన్సీ సరిగ్గా విచారించలేదని మీరు కోర్టుకు వెళ్లే హక్కు, బ్యూరో ద్వారా డిస్ప్యూట్ పంపినప్పుడే వస్తుంది.

అయినా ఏజెన్సీకి కూడా రాయండి, ఎందుకంటే అక్కడ మీకు వేరే రక్షణ ఉంది. 2021 నవంబరు 30 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, ఏజెన్సీ ముందుగా మీతో మాట్లాడకుండా, లేదా ఉత్తరమో ఈమెయిలో పంపి అది తిరిగి వస్తుందేమో అని కొంతకాలం వేచి చూడకుండా, ఆ బాకీని బ్యూరోలకు తెలియజేయకూడదు. వారు పాత చిరునామాకు పంపి ఉండవచ్చు. ఎప్పుడు, ఎక్కడికి పంపారో అడగండి. బాకీ వివరాల నోటీసు మీకు అందిన 30 రోజులలోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేవరకు వారు వసూలు ప్రయత్నం ఆపాలి. ఫోనులో మాత్రం "సరే, చూస్తాం, కడతాం" వంటి మాట జారవద్దు.

బ్యూరో మీ డిస్ప్యూట్‌ను తోసిపుచ్చితే, అదే ఉత్తరాన్ని మళ్లీ పంపడం వల్ల ప్రయోజనం లేదు. కొత్త ఆధారం లేనిదానిని పరిశీలించకుండా పక్కన పెట్టే వీలు వారికి ఉంది. అప్పుడు ఫెడరల్ ప్రభుత్వ సంస్థ అయిన కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరోకు ఫిర్యాదు చేయండి, లేదా ఇలాంటి కేసులు చూసే న్యాయవాదిని కలవండి.

లోను దరఖాస్తు విషయంలో ఒక జాగ్రత్త. డిస్ప్యూట్ నడుస్తున్న ఖాతా రిపోర్టులో ఉంటే, అది తేలేవరకు రుణదాతలు ఫైలును ఆపవచ్చు. కాబట్టి వీలైతే ఫలితం వచ్చాకే దరఖాస్తు పెట్టండి. లీజులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఆ నమోదు ఇద్దరి రిపోర్టులలోనూ పడి ఉండవచ్చు. రిపోర్టు ఎవరిది వారిదే కాబట్టి, మీ ఉత్తరంతో మీ భార్య లేదా భర్త రిపోర్టులోని తప్పు తొలగిపోదు. వారు తమ పేరుతో విడిగా డిస్ప్యూట్ పంపాలి.