‘చెవిటి ప్రభుత్వం’ అన్న మాట దగ్గర

చిరంజీవి యువ రచయితకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "పొలిటికల్ కరెక్ట్‌నెస్ వల్ల, అంటే ఎవర్నీ నొప్పించని మాటలే వాడాలన్న పట్టింపు వల్ల, ఎవరూ నోరు విప్పలేకపోతున్నారు" అని మొదలుపెట్టి నాలుగు పేజీలూ అదే పాట పాడావు. ఎవరి నోరు, ఏ మాట దగ్గర మూతపడిందో ఒక్కచోటా చెప్పలేదు. అది చెప్పనంతవరకూ దాన్ని సణుగుడే అంటారు.

ముందు రెండు సంగతుల్ని విడదీసుకో. మనుషుల్ని ఏ పేరుతో పిలవాలన్నది ఒకటి, ఏ అభిప్రాయం చెప్పొచ్చన్నది ఇంకొకటి. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2013లో తన శైలి నియమాలు మార్చింది. ‘అక్రమ’ అన్న విశేషణం చేసిన పనికే వాడాలి, మనిషికి తగిలించకూడదంది. అక్రమంగా సరిహద్దు దాటాడని రాయొచ్చు, ‘అక్రమ వలసదారు’ అని రాయకూడదు. దాంతో వలసల మీద వాదన ఆగిందా? గోడ కట్టాలన్నవాళ్లూ తలుపు తీయాలన్నవాళ్లూ ఆ తర్వాతా గొంతు చించుకుంటూనే ఉన్నారు. పేరు మార్చినందుకు నోళ్లు మూతపడలేదు. ఫలానా అభిప్రాయం చెబితే ఉద్యోగం ఊడుతుందన్న భయం ఉన్నచోట మాత్రం మూతపడతాయి. నీ ఫిర్యాదు ఈ రెంటిలో దేనిమీదో తేల్చుకో.

ఇప్పుడు మూడో పేజీ తియ్యి. "ఈ చెవిటి ప్రభుత్వానికి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా లాభం లేదు" అని రాశావు. ‘చెవిటి’ కొట్టేయమంటే నా గొంతు నొక్కుతున్నారంటావు. సరే, కొట్టేసి ఆ చోట ఇది పెట్టి చూడు: "మూడుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు." మొదటి వాక్యం చదివి అధికారి నవ్వి ఊరుకుంటాడు, రెండోది చదివితే ఫైలు వెతికించాలి. పైగా పోలికే తప్పు. వినపడనివాళ్లు ఎదుటి మనిషి చెప్పేది తెలుసుకోవాలని ఎంత తంటాలు పడతారు! వినదలుచుకోని ప్రభుత్వం ఏ తంటా పడుతోంది? (చెవిటివాడి ముందు శంఖం సామెతను కథలో పాత్ర నోట పలికించు, అడ్డులేదు, మనుషులు అలాగే మాట్లాడతారు. వ్యాసంలో నీ గొంతుతో అన్నావంటే జవాబుదారీ నీదే.)

చిత్తుప్రతి మొత్తం ఇలాగే జల్లెడ పట్టు. మనుషుల్ని ఉద్దేశించిన ప్రతి మాట కిందా గీత గీసి, ఆ మనుషులు తమను తాము ఏమని చెప్పుకుంటారో ఆ మాట పెట్టి పైకి చదువు. వాదం నిలబడిందా, పాత మాట అవసరమే లేదన్నమాట. కూలిపోయిందా, అక్కడ తిట్టు తప్ప వాదం లేదన్నమాట. అరుదుగా మూడోది జరుగుతుంది: మర్యాద మాట పెట్టగానే వాక్యం అబద్ధమాడుతుంది. ‘సిబ్బంది హేతుబద్ధీకరణ’ అంటే జనాన్ని పనిలోంచి తీసేయడం. ‘వివక్షకు గురైన వర్గాలు’ అనేసి ఊరుకుంటే, వివక్ష చూపినవాళ్లు వాక్యంలోంచి చల్లగా జారుకుంటారు. అలాంటిచోట మొహమాటపడకు, మోటు మాటే రాయి, కర్త ఎవరో చెప్పు.

మర్యాద మాటలకూ తుప్పు పడుతుంది. ఇంగ్లీషులో ‘మోరాన్’ 1910లో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త బుద్ధిమాంద్యాన్ని వర్గీకరించడం కోసం పుట్టించిన మాట, తర్వాత తిట్టయి కూర్చుంది. ‘మెంటల్ రిటార్డేషన్’ను 2010లో అమెరికా తన ఫెడరల్ చట్టాలు కొన్నింటిలోంచి తీసి ‘ఇంటలెక్చువల్ డిసెబిలిటీ’ (మేధో వైకల్యం) పెట్టుకుంది. అందుకని నిన్నటి మాట వాడిన ప్రతి మనిషికీ దురుద్దేశం అంటగట్టకు. మాటను ఒక్క వాక్యంలో సరిదిద్ది, మిగతా పేరా అంతా అతని వాదానికి జవాబివ్వు. చర్చ నిజంగా చెడేది ఇక్కడే: మాట సరిదిద్దడమే జవాబైపోయి అసలు ప్రశ్న పక్కకు పోతుంది. నీ వ్యాసం పట్టుకోవలసిన సంగతి ఇది, ఒక్క ముక్కా రాయలేదు.

నోరు మెదపకపోవడం గురించి రాసేటప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాలు గుర్తుపెట్టుకో. మూడు గీతల్లో ఏది నమూనా గీతతో సమానమో చెప్పాలి, అంతే. గదిలో మిగతావాళ్లంతా కూడబలుక్కుని తప్పు చెబితే, మూడో వంతుకు పైగా జవాబుల్లో ఆ సంగతి తెలియని ఒక్క మనిషీ తప్పే చెప్పాడు. తోడుగా ఇంకొకడు నిజం చెప్పినప్పుడు ఆ ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోయింది. గీతల విషయంలోనే ఇలా ఉంటే, మతం, కులం, స్త్రీ పురుష సంబంధాల మాటేమిటి? నువ్వు బూతులు రాయక్కర్లేదు, ఆ రెండో మనిషివైతే చాలు.

ఇంకో రెండు పనులు. ఎదుటిపక్షం వాదాన్ని అయిదు వాక్యాల్లో రాసి, ఆ పక్షం మనిషికే చూపించు. "అవును, మేం అనేది ఇదే" అన్నాకే ఖండన మొదలుపెట్టు. "ఎవరూ నొచ్చుకోవద్దు గానీ" అన్న తోక ఎక్కడ కనిపించినా కత్తిరించు, అది పాఠకుణ్ణి నొచ్చుకోవడానికి సిద్ధం చేస్తుంది.

మొదటి వాక్యంలో ‘ఎవరూ’ తీసేసి, ఎవరో రాసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో