నేతి పొడుం నిలవ: ఫ్రిజ్ కన్నా సీసా మేలు

కావలిలో ఉన్న మీ తాతగారి కోసం చెన్నై నుంచి పావుకిలో ముక్కుపొడుం ఒకేసారి తెప్పించామనీ, నెల తిరిగేసరికి అది ఉండలు కట్టి, ఘాటు తగ్గి, పాత నూనె వాసన వేస్తోందనీ, ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుందా అనీ మీరు అడిగారు. కందుకూరులో మా నాయన నడిపిన కిరాణా కొట్టులో పొడుం విడిగా తూచి అమ్మేవారు కనుక, అక్కడ చూసి నేర్చుకున్నది చెబుతాను.

మద్రాసు తరహా పొడుంలో మెత్తగా నూరిన పొగాకుతో పాటు నెయ్యి, సున్నం కూడా ఉంటాయి. పొగాకు కంటే ముందు చెడిపోయేవి ఆ రెండే. నేతికి గాలీ వెలుతురూ తగిలితే మక్కు వాసన వస్తుంది. సున్నం పని వేరు: పొగాకులోని నికోటిన్‌ను విడిపించి ముక్కుకు చురుక్కుమనిపించేది అదే కాబట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో ఆ ఘాటు కొద్దికొద్దిగా గాలిలో కలిసిపోతుంది, సున్నం కూడా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా సుద్దగా మారుతుంది. మీ పొడుంలో ఘాటు తగ్గడానికీ, పాత నూనె వాసన రావడానికీ మూలం ఒకటే: పావుకిలో అంతా ఒకే డబ్బాలో ఉండి, రోజుకు పదిసార్లు మూత తెరుచుకోవడం.

మా కొట్టులో పెద్ద నిలవను పింగాణీ జాడీలో నింపి, మూతి మీద గుడ్డతో వాసెన కట్టి, చీకటిగా ఉండే లోపలి గదిలో ఉంచేవారు. గల్లాపెట్టె పక్కన అమ్మకానికి పెట్టేది చిన్న సీసా మాత్రమే. మీరూ అదే పద్ధతి పాటించవచ్చు. ఇప్పుడు మరమూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసాలు సులువుగా దొరుకుతాయి. వాటిని కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, పొడుం అంచు దాకా నింపి, అలమరలో వెలుతురు తగలని చోట పెట్టండి, ఒకటి అయ్యాకే మరొకటి తెరవండి. సీసాలో ఖాళీ జాగా ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. అల్యూమినియం డబ్బా వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో రేకు డబ్బా తుప్పు పడుతుంది. ఇత్తడి డబ్బీ అందంగానే ఉంటుంది గానీ, నెయ్యి తగిలిన చోట పచ్చగా చిలుము పడుతుంది. తాతగారికి దాని మీద మమకారం ఉంటే రెండు మూడు రోజులకు సరిపడా పోసి ఇచ్చి, మళ్లీ నింపే ముందు పొడిగుడ్డతో తుడవండి.

ఉండలు కట్టడం తేమ వల్ల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మన తీరంలో ఉప్పే నీరు కారుతుంది, పొడుం సంగతి చెప్పాలా! దానికి తోడు తడివేళ్లతో చిటికె తీసే అలవాటు ఒకటి. ఫ్రిజ్ ఇక్కడ మేలు కంటే చేటే ఎక్కువ చేస్తుంది: చల్లటి సీసా బయటికి తీసి వెంటనే మూత తెరిస్తే లోపలికి చెమ్మ చేరుతుంది. తెరవని సీసాలను పెట్టి తీరాలనుకుంటే, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత ముట్టుకోకండి. రోహిణీ కార్తెలో పొడుం ఎండి దుమ్ములా ఎగురుతున్నా నీళ్లు మాత్రం చిలకరించకండి, బూజు పడుతుంది.

ఇప్పుడు మీ దగ్గరున్నది బాగుందో లేదో తేల్చడానికి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. ఉండ ఇట్టే చితికి, వేలి మీద సన్నని జిడ్డు మెరుపు మిగిలి, పొగాకు వాసన ముందు తగిలితే ఒక పూట కాగితం మీద నీడన ఆరబోసి, జల్లించి వాడుకోవచ్చు. మక్కు నూనె వాసనే ముందు తగిలినా, తెల్లటి బూజు కనిపించినా పారేయండి. కొందరు లవంగం వేసి ఆ వాసనను కప్పుతారు, నాకు అది నచ్చదు. ఇంట్లో పసిపిల్లలుంటే సీసాలు అందని ఎత్తున ఉంచండి, నికోటిన్ వాళ్లకు విషం. పొగ రాని పొగాకూ క్యాన్సర్ తెచ్చేదే కనుక నిలవ పెంచడం కంటే ఈసారి యాభై గ్రాములే తెప్పించడం నయం.