రాబోయే ఆటల కోసం ఇప్పుడు ఎక్స్‌బాక్స్ కొనవచ్చునా? నాలుగేళ్లు ఆడినవాడి జవాబు

జడ్చర్ల నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: చేతిలో నలభై వేల రూపాయలు ఉన్నాయి; ఫోర్జా హొరైజన్ 6, ఫేబుల్, గేర్స్ ఆఫ్ వార్: ఇ-డే వరుసగా వస్తాయంటున్నారు; మరోవైపు ఎక్స్‌బాక్స్ (టీవీకి తగిలించి వీడియో గేములు ఆడే మైక్రోసాఫ్ట్ వారి పెట్టె, అంటే కన్సోల్) పని అయిపోయిందని కూడా అంటున్నారు; ఇలాంటప్పుడు అందులో చిన్న రకమైన సిరీస్ ఎస్ కొనడం సరైనదేనా?

నా జవాబు ముందే చెబుతాను. కొత్త పెట్టెను పూర్తి ధర పెట్టి, రాబోయే ఆటల పేరు మీద కొనవద్దు. ఇప్పటికే విడుదలైన ఆటల్లో మీరు ఆడాలనుకుంటున్నవి ఓ పది ఉండి, తెలిసినవారెవరైనా వాడిన పెట్టెను తక్కువ ధరకు ఇస్తానంటే మాత్రం తీసుకోండి. ఈ రెండు మాటలకూ ఎందుకింత తేడా ఉందో చెప్పాలంటే నా అనుభవం కొంత చెప్పాలి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. 2021 దసరాకు వచ్చిన బోనస్‌కు కొంత కలిపి సిరీస్ ఎస్ కొన్నాను. 2020 నవంబర్ 10న అది మన దేశంలో విడుదలైనప్పుడు ధర 34,990 రూపాయలు. వృత్తి అలవాటు కొద్దీ ఒక నోటు పుస్తకంలో ఏ ఆట ఎన్ని గంటలు ఆడానో, ఎంత ఖర్చు పెట్టానో రాసుకుంటూ వచ్చాను. (మా అమ్మకు ఈ పుస్తకం కనిపించినప్పుడు "ఆటలకు సుత పద్దులు రాస్తరా?" అని నవ్వింది.) ఆ పుస్తకం మొదటి పేజీలో, పెట్టె కొన్న రోజున, నేను దేనికోసం కొంటున్నానో నాలుగు పేర్లు రాసి ఉన్నాయి: హేలో ఇన్ఫినిట్, ఫేబుల్, పర్ఫెక్ట్ డార్క్, ఎవర్‌వైల్డ్.

హేలో ఇన్ఫినిట్ అసలు 2020లో పెట్టెతో పాటే రావలసి ఉండగా, ఏడాదికి పైగా ఆలస్యమై 2021 డిసెంబర్ 8న వచ్చింది. 2020 జూలైలో ప్రకటించిన ఫేబుల్ 2025లో వస్తుందన్నారు, తరువాత 2026కు వాయిదా వేశారు. 2019లో ప్రకటించిన ఎవర్‌వైల్డ్‌నూ, 2020 డిసెంబర్‌లో ప్రకటించిన పర్ఫెక్ట్ డార్క్‌నూ 2025 జూలైలో, మైక్రోసాఫ్ట్ దాదాపు తొమ్మిది వేల ఉద్యోగాలు తీసివేసినప్పుడే, రద్దు చేశారు. పర్ఫెక్ట్ డార్క్ కోసం పెట్టిన ది ఇనీషియేటివ్ స్టూడియోను మూసివేశారు. అంటే నేను రాసుకున్న నాలుగింటిలో నాలుగేళ్లలో చేతికి వచ్చింది ఒక్కటి. ఇందులో నన్నెవరూ మోసం చేయలేదు. ఒక చిన్న వీడియోను చూసి దాన్ని రాసి ఇచ్చిన మాటగా చదువుకున్నది నేనే.

మా నాన్న సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో వ్యవసాయం చేసినవాడు. నీటి విడుదల తేదీ పేపర్లో వచ్చిన రోజున ఊళ్లో సగం మంది నారు పోయడానికి పరుగెత్తితే, ఆయన మాత్రం "పేపర్ల ఇడిసిన నీళ్లతోని పొలం పారదు బిడ్డా, మన తూముకాడికి వచ్చినంక చూద్దాం" అనేవాడు. కన్సోల్ కొనేటప్పుడు నేను ఆ మాట మరచిపోయాను.

అయితే ఆ పెట్టె దండగయిందా అంటే, అస్సలు కాలేదు. నోటు పుస్తకంలో జమ వైపు చూస్తే, మొదటి పేజీలో లేని పేర్లే ఎక్కువ. 2021 నవంబర్‌లో వచ్చిన ఫోర్జా హొరైజన్ 5ను రెండు వందల గంటలకు పైగా ఆడాను. మెక్సికో దేశపు రోడ్ల మీద వానలో కారు తోలడం, మిల్లులో పన్నెండు గంటలు బస్తాల లెక్క చూసి వచ్చినవాడికి ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. 2023 జనవరి 25న వచ్చిన హై-ఫై రష్ సంగతి మరీ విచిత్రం: ఏ ముందస్తు ప్రచారమూ లేకుండా, ప్రకటించిన రోజునే విడుదల చేశారు. పాట తాళానికి సరిగ్గా దెబ్బ వేయాల్సిన ఆట అది. మా బామ్మర్ది పెళ్లిళ్లలో డప్పు వాయిస్తాడు, వాడు నాకంటే రెండింతలు బాగా ఆడాడు. ఆ ఆట తయారుచేసిన టాంగో గేమ్‌వర్క్స్‌ను మూసివేస్తున్నట్టు 2024 మే నెలలో ప్రకటించారు. ఆగస్టులో క్రాఫ్టాన్ అనే కొరియా కంపెనీ దాన్ని తీసుకుని నిలబెట్టింది.

వీటన్నిటికంటే నా మనసులో నిలిచిపోయినది మాత్రం 2022లో వచ్చిన పెంటిమెంట్. పదహారవ శతాబ్దపు బవేరియాలో ఒక మఠం, అందులో ఒక హత్య, పుస్తకాలకు బొమ్మలు వేసే ఆండ్రియాస్ మాలర్ అనే చిత్రకారుడు. పాత్రలకు గొంతు ఉండదు, మాటలన్నీ అక్షరాల్లోనే కనిపిస్తాయి. సన్యాసి మాట మఠపు లిపిలో, రైతు మాట గజిబిజి రాతలో, అచ్చు వేసేవాడి మాట అచ్చు అక్షరాల్లో వస్తుంది. ఏళ్లుగా ఎవరి చేతిరాత చూసినా మనిషిని పోల్చుకునే పని చేస్తున్న నాకు, ఆ ఒక్క ఆలోచన కోసమే ఆ పెట్టె కొనవచ్చుననిపించింది. చదవడం మీద ఆసక్తి లేనివారికి ఇది నచ్చదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఇక కన్సోల్ స్థితి విషయానికి వస్తే, "పని అయిపోయింది" అనే మాటలో ఎంత నిజం ఉందో విడదీసి చూడాలి. ఎన్ని పెట్టెలు అమ్మారో చెప్పడం మైక్రోసాఫ్ట్ 2015లోనే మానేసింది. అమ్మకాలు బాగున్నవాడు లెక్క దాచడు. దాని పోటీ పెట్టె ప్లేస్టేషన్ 5 మాత్రం 2025 సెప్టెంబర్ చివరికి 8 కోట్ల 40 లక్షలు దాటిందని సోనీ ప్రకటించింది. అదే 2025 జూలై నుంచి సెప్టెంబర్ వరకు ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 29 శాతం పడిపోయింది. సాధారణంగా కన్సోల్ వయసు పెరిగేకొద్దీ ధర తగ్గాలి. అమెరికాలో 2020లో 299 డాలర్లు ఉన్న సిరీస్ ఎస్ 2025 అక్టోబర్‌కు దాదాపు 400 డాలర్లయింది. ప్లేస్టేషన్ ధర కూడా పెరిగిందన్నది నిజమే, కానీ వెనుకబడినవాడు ధర పెంచితే ఆ దెబ్బ వేరు.

ఈ పెట్టె వెనుకబడినా దాని యజమాని వెనుకబడలేదు, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నాయకత్వంలోనే మైక్రోసాఫ్ట్, ఆటలు తయారుచేసే ఆక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీని దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొని, ఆ వ్యవహారాన్ని 2023 అక్టోబర్‌లో ముగించింది. అంత సొమ్ము పెట్టినవారికి ఆటలు తమ పెట్టెలోనే ఉండాలన్న పట్టుదల కంటే, ఎక్కడైనా అమ్ముడుపోవాలన్న ఆత్రమే ఎక్కువగా ఉంటుంది. అందుకే 2024లో హై-ఫై రష్, పెంటిమెంట్, సీ ఆఫ్ థీవ్స్, గ్రౌండెడ్ ఇతర కన్సోళ్లకు వెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో ఫోర్జా హొరైజన్ 5 ప్లేస్టేషన్ 5లో వచ్చింది. 2001 నాటి మొదటి హేలోను కొత్తగా తయారుచేసి హేలో: క్యాంపెయిన్ ఇవాల్వ్‌డ్ పేరుతో 2026లో ప్లేస్టేషన్‌కు కూడా ఇస్తామని ప్రకటించారు.

ఇది కొత్త కథ కాదు. సెగా కంపెనీ తన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌ను 2001లో ఆపివేసింది, దాని సోనిక్ ఆటలు మాత్రం ఒకప్పటి ప్రత్యర్థి నింటెండో పెట్టెల్లోకి వెళ్లి బతికింది. నింటెండో వారి వీ యూ కన్సోల్ 2012 నుంచి 2017 వరకు మొత్తం 1 కోటి 35 లక్షలు మాత్రమే అమ్ముడుపోయింది. అందులో 2014లో వచ్చిన మారియో కార్ట్ 8 ఆటను వారి తరువాతి పెట్టె స్విచ్‌కు మార్చితే ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. వీ యూ కొన్నవారు మూడేళ్లు ముందు ఆడారు, అంతే. ఆ మూడేళ్లకు ఎంత విలువ కట్టాలన్నది ఎవరి జేబును బట్టి వారు చూసుకోవాలి.

మీరు పేర్కొన్న ఆటలను ఈ దృష్టితో చూద్దాం. జపాన్ నేపథ్యంలో వచ్చే ఫోర్జా హొరైజన్ 6 మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, ఎందుకంటే దాన్ని తయారుచేసే ప్లేగ్రౌండ్ గేమ్స్ స్టూడియో ఆ వరుసలో ఇంతవరకు నన్ను నిరాశపరచలేదు. కానీ అది 2026లో ముందు ఎక్స్‌బాక్స్‌కూ పీసీకీ, ఆ తరువాత ప్లేస్టేషన్ 5కూ వస్తుందని వారే చెప్పారు. ఫేబుల్‌ను తయారుచేస్తున్నదీ ఆ ప్లేగ్రౌండ్ గేమ్స్ సంస్థే, అయితే కార్ల ఆటలు తీసిన చేతులతో కథల ఆట ఎలా వస్తుందో అన్న సందేహం నాకు ఉంది. వాయిదాలను బట్టి కాదు, పని తీరు వేరు కాబట్టి. గేర్స్ ఆఫ్ వార్: ఇ-డే మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. ఇక 2026 నవంబర్ 19 అని తేదీ ప్రకటించిన జీటీఏ 6 అనే ఆట, సిరీస్ ఎస్‌తో సహా రెండు కంపెనీల పెట్టెల్లోనూ వస్తుంది కాబట్టి, ఎటు మొగ్గాలన్న ప్రశ్నను అది తేల్చదు. చిన్న పెట్టె కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పెద్ద పెట్టె సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే ఎస్‌లో 10 మాత్రమే. ఆ తేడా వల్లనే, ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే సౌకర్యాన్ని ఎస్‌లో సర్దలేక, బాల్డర్స్ గేట్ 3 ప్లేస్టేషన్‌లో 2023 సెప్టెంబర్‌లో వస్తే ఎక్స్‌బాక్స్‌లో డిసెంబర్‌కు గాని రాలేదు.

లెక్కల్లో నేను అన్నిటికంటే ముందు చూడమనేది గేమ్ పాస్. నేను పెట్టె కొన్నప్పుడు దాని బలమంతా అందులోనే ఉండేది: నెలకు కొంత కడితే వందల ఆటలు. 2025 అక్టోబర్‌లో అందులో అన్నిటికంటే పెద్ద రకమైన అల్టిమేట్ నెల చందా 829 రూపాయల నుంచి 1,389కి పెరిగింది. ఆ లెక్కన ఏడాదికి 16,668 రూపాయలు. రెండేళ్లు కడితే పెట్టె ధర అంత అవుతుంది. నేను నా పుస్తకం తిరగేసి చూసుకుంటే, ఏడాదిలో నిజంగా మొదలుపెట్టి ముగించిన ఆటలు ఐదు దాటలేదు. అందుకని ఇప్పుడు ఏడాదికి రెండు నెలలు మాత్రమే, ఒకసారి సంక్రాంతికీ ఒకసారి వేసవిలోనూ, చందా కట్టి ఆడవలసినవి ఆడేస్తున్నాను. మిగతా కాలం తగ్గింపు ధరలో కొన్న ఆటలతో గడుపుతున్నాను. చౌకగా వస్తుందని ఒకసారి హైదరాబాద్‌లో ఒక దుకాణంలో పన్నెండు నెలల చందా కోడ్ కొని, అది పనిచేయక, మళ్లీ బస్సెక్కి వెళ్తే డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా నా ఖర్చు పద్దులో ఉంది. కోడ్‌లు తెలియనివారి దగ్గర కొనవద్దు.

అసలు పెట్టె లేకుండానే ఆడే మార్గం కూడా వచ్చింది. 2025 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ మన దేశంలో మొదలైంది. ఆట ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది, మనకు బొమ్మ మాత్రం నెట్ ద్వారా వస్తుంది. మా ఇంటి ఫైబర్ మీద ఉదయం ఐదు గంటలకు ఆడితే పెంటిమెంట్ వంటి నెమ్మది ఆటలు చక్కగా నడిచాయి. రాత్రి ఎనిమిదికి ఇంట్లో ప్రతి ఒక్కరూ ఫోన్ పట్టుకున్న వేళ ఫోర్జా ఆడితే, మలుపు దాటిన తరువాత గాని కారు తిరగలేదు. ఒక నెల చందా కట్టి మీ జడ్చర్ల లైన్ మీద ముందు ఇది పరీక్షించండి. దీనికి నలభై వేలు అక్కరలేదు.

ఇవన్నీ చూసుకున్న తరువాత కూడా పెట్టె కావాలనిపించి, వాడినది కొంటున్నట్టయితే, కొన్ని సంగతులు చూసుకోండి. సిరీస్ ఎస్‌లో డిస్క్ పెట్టే చోటు ఉండదు. డిగ్రీ రోజుల్లో నేను కొన్న పాత ఎక్స్‌బాక్స్ 360 ఆటల డిస్కులు ఈనాటికీ బీరువాలో అలాగే ఉన్నాయి. మొదట వచ్చిన తెల్ల పెట్టెలో నిల్వ 512 జీబీ అని ఉన్నా ఆటలకు మిగిలేది 364 జీబీ మాత్రమే, పెద్ద ఆట ఒక్కొక్కటి నూరు జీబీ దాటుతుంది. మామూలు యూఎస్‌బీ డ్రైవ్ తగిలిస్తే పాత తరం ఆటలు దాని నుంచే నడుస్తాయి, కొత్త తరంవి మాత్రం అందులో దాచుకుని, ఆడేటప్పుడు లోపలికి మార్చుకోవాలి. అమ్మేవారి ఇంట్లోనే టీవీకి తగిలించి కనీసం గంటసేపు ఫోర్జా నడిపించి, వెనుక భాగం మీద చేయి పెట్టి వేడి చూడండి; ఫ్యాన్ శబ్దం వినండి; కంట్రోలర్ పుల్లను వదిలేసినప్పుడు తెర మీద కెమెరా దానంతట అదే తిరుగుతోందేమో గమనించండి. వారి అకౌంట్‌ను తీసివేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో తెరిచిన తరువాతే డబ్బు ఇవ్వండి. కంట్రోలర్‌కు రెండు పెన్సిల్ సెల్లులు కావాలి, పరీక్షించడానికి వెళ్లేటప్పుడు జేబులో వేసుకుని వెళ్లండి. నేను వెళ్లిన చోట వాళ్లింట్లో గోడ గడియారం సెల్లు ఊడదీసి పెట్టవలసి వచ్చింది.